గ్రాన్ టూరిస్మో 7లో ఫుల్లీ కస్టమైజబుల్ గేర్‌బాక్స్: ట్యూనింగ్ షాప్‌లో ముందు కొనాల్సింది ఇదే

గ్రాన్ టూరిస్మో 7లో కొత్త కారు కొనగానే మనవాళ్లు చాలామంది చేసే పని ఒకటే, ట్యూనింగ్ షాప్‌కి వెళ్లి టర్బో బిగించడం, తర్వాత టైర్లు, ఆ తర్వాత బరువు తగ్గించుకోవడం, గేర్‌బాక్స్ దగ్గరికి వచ్చేసరికి క్రెడిట్లూ ఉండవు ఓపికా ఉండదు. ఈ రివ్యూ మొత్తం అలా చివరికి మిగిలిపోయే ఆ పార్ట్ గురించే. గేమ్ 2022 మార్చి 4న వచ్చింది, పీఎస్4, పీఎస్5 రెండిట్లోనూ ఉంది, గ్రాఫిక్స్ బాగుంటాయి సౌండ్ బాగుంటుంది లాంటివి ఈపాటికి అందరూ చెప్పేశారు, వాటి జోలికి పోను. నా మాట ఏంటంటే, కారుకి పవర్ పెంచే ముందు ఉన్న పవర్‌ని వాడుకోవడం నేర్పే పార్ట్ ఈ గేర్‌బాక్స్ ఒక్కటే, పైగా సెట్టింగ్ మార్చితే ఏం జరగాలో ఈ గేమ్‌లో దాదాపు అదే జరుగుతుంది, అందుకే నాకు ఇదంటే అంత ఇష్టం.

షాప్‌లో దొరికేవి ఏంటో ముందు చెప్తా. కారుతో వచ్చే నార్మల్ ట్రాన్స్‌మిషన్ ఒకటి, క్లోజ్ రేషియో (రేషియో అంటే గేర్‌లోంచి బయటికొచ్చే షాఫ్ట్ ఒకసారి తిరగడానికి ఇంజిన్ ఎన్నిసార్లు తిరగాలో చెప్పే అంకె) అని లో, హై రెండు రకాలు, వాటి మీద ఫుల్లీ కస్టమైజబుల్ రెండు రకాలు, ఒకటి మాన్యువల్, ఇంకోటి రేసింగ్. క్లోజ్ రేషియోలో మనం మార్చుకునేది ఏమీ ఉండదు, వాళ్లు ఇచ్చిందే, గేర్లు దగ్గర దగ్గరగా వస్తాయి అంతే. తక్కువ ఖర్చులో అయిపోతుంది కదా అని అది కొని, నాలుగు రోజుల తర్వాత మళ్లీ కస్టమైజబుల్ కొనడం కన్నా నేరుగా పైదే కొనుక్కోవడం మేలు. ఫుల్లీ కస్టమైజబుల్‌లో మాన్యువల్‌కీ రేసింగ్‌కీ తేడా రేషియోల్లో కాదు, గేర్ పడే స్పీడ్‌లో. రేసింగ్‌ది టక్కున పడుతుంది, మాన్యువల్‌లో డ్రైవర్ క్లచ్ తొక్కి మార్చేంత గ్యాప్ ఉంటుంది, ఆ గ్యాప్‌లో కారు ఊరికే దొర్లుతుంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

సెట్టింగ్స్ స్క్రీన్‌లో మూడు విషయాలుంటాయి. టాప్ స్పీడ్ అని ఒక ఆటోమేటిక్ స్లైడర్, ఒక్కో గేర్‌కి విడివిడిగా రేషియో, ఆఖర్న ఫైనల్ గేర్. ఫైనల్ గేర్ అర్థం కాని వాళ్లకి ఒక్క ముక్కలో చెప్తా, బైక్‌కి వెనక స్ప్రాకెట్ మార్చడమే అది, పళ్లు ఎక్కువున్నది వేస్తే బండి పికప్ పెరిగి టాప్ తగ్గుతుంది, తక్కువున్నది వేస్తే టాప్ పెరిగి పికప్ పోతుంది, మిగతా గేర్లన్నీ దానితో పాటే ఒకే లెక్కన జరుగుతాయి. ఆర్ఎక్స్ 100కి స్ప్రాకెట్ మార్పించిన వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ స్ప్రాకెట్ మార్చితే గేర్లకి మధ్య ఉన్న దూరం మారదు కదా, రెండో గేర్ నించి మూడోదానికి మార్చినప్పుడు ఆర్‌పీఎం ఎంత పడేదో అంతే పడుతుంది. ఆ దూరాన్ని మార్చాలంటే ఒక్కో గేర్‌ని పట్టుకోవాలి, అసలు మజా అంతా అక్కడే ఉంది.

దీనికి నేను చూసిన వాటిలో బెస్ట్ కారు హోండా సివిక్ టైప్ ఆర్ ఈకే, 1998 మోడల్, గేమ్‌లో ఉంది. ఇంజిన్ బీ16బీ, 1595 సీసీ, టర్బో లేదు, 185 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి పవర్ కొలత) ఇస్తుంది కానీ అది ఇచ్చేది 8200 ఆర్‌పీఎం దగ్గర. టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) కూడా 7500 దగ్గరే గరిష్టం. ఆరు వేలు దాటాక వీటెక్ (వాల్వ్‌లు ఎంత తెరుచుకోవాలో ఆర్‌పీఎంని బట్టి మార్చే హోండా ఏర్పాటు) పెద్ద క్యామ్‌కి మారుతుంది, అక్కడ్నించి ఆ ఇంజిన్ వేరే ఇంజిన్, శబ్దం కూడా మారిపోతుంది, దాని కింద మాత్రం మామూలు సివిక్. అంటే ఈ కారుతో రేస్ చెయ్యడం అంటే సూదిని ఆరు వేల మీద ఉంచడమే, ఇంకేం లేదు. ఇప్పుడు నిజం కారులో కంపెనీ ఇచ్చిన రేషియోలు చూడండి, ఒకటి 3.230, రెండు 2.105, మూడు 1.458, నాలుగు 1.107, ఐదు 0.848, ఫైనల్ 4.400. 8200 దగ్గర గేర్ మార్చామనుకుందాం. కొత్త గేర్ రేషియోని పాత గేర్ రేషియోతో భాగించి 8200తో గుణిస్తే సూది ఎక్కడికి పడుతుందో వస్తుంది, కాలిక్యులేటర్ కూడా పెద్దగా అక్కర్లేదు. ఒకటి నించి రెండుకి 5344కి పడుతుంది. రెండు నించి మూడుకి 5680. మూడు నించి నాలుగుకి 6226, నాలుగు నించి ఐదుకి 6281. చూశారా, పైన రెండు షిఫ్టులూ వీటెక్ లోపలే ఉన్నాయి, కింద రెండు షిఫ్టులూ బయటికి పడిపోతున్నాయి. స్టాక్ కారు (ఏ పార్టూ మార్చనిది) తీసుకుని స్లో కార్నర్ నించి బయటికొచ్చి రెండు నించి మూడుకి మార్చినప్పుడు కారు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది చూడండి, అది మీ డ్రైవింగ్ తప్పు కాదు, ఆ 5680 వల్ల. గేమ్‌లో దాన్ని ఇంత స్పష్టంగా వినొచ్చు, ఫీలవ్వొచ్చు అన్నది నాకు నిజంగా గొప్పగా అనిపించింది, వీటెక్ కింద పడితే సౌండ్‌లోనే తెలిసిపోతుంది. (8200 అన్నది లెక్క కోసమే, పవర్ పీక్ దాటించి ఇంకొంచెం పైన మార్చడం మంచిది, అప్పుడు కింద పడే పాయింట్ కూడా కొంచెం పైకొస్తుంది.)

అయితే కంపెనీ వాళ్లు ఎందుకిలా పెట్టారు అంటే అది రోడ్డు కారు, ట్రాఫిక్‌లో కదలాలి, ఎత్తు ఎక్కాలి, దానికి బలమైన ఒకటో గేర్ కావాలి. మనకి రేసులో ఆ బాధ లేదు. పైగా ఈ గేమ్‌లో చాలా రేసులు రోలింగ్ స్టార్ట్ (కార్లు కదులుతుండగానే రేసు మొదలవుతుంది), ఒకటో గేర్ వాడే సందర్భమే రాదు. అందుకే ఈకేకి నేను చెప్పే మొదటి మార్పు ఒకటో గేర్‌ని పొడవు చెయ్యడం (అంటే రేషియో అంకె తగ్గించడం), 3.230ని 2.86 దగ్గరకి తెస్తే 8200 దగ్గర మార్చినప్పుడు సూది ఆరు వేల పైనే ఆగుతుంది, ఒకటో గేర్ స్పీడ్ 65 నించి 73కి వెళ్తుంది అంతే. స్టాండింగ్ స్టార్ట్‌లో కూడా ముందు చక్రాలు అనవసరంగా తిరగడం తగ్గుతుంది, ఫ్రంట్ వీల్ డ్రైవ్ కదా, అదొక లాభం.

గేర్‌లో ఎంత స్పీడ్ వస్తుందో లెక్క వేసుకోవడం కూడా చెప్తా, ఎందుకంటే ఇది తెలిస్తే ఎవరి సెట్టింగూ కాపీ కొట్టక్కర్లేదు. ఆర్‌పీఎంని గేర్ రేషియోతో, ఫైనల్‌తో భాగిస్తే చక్రం నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో వస్తుంది, దాన్ని టైర్ చుట్టుకొలతతో గుణించి, 60తో గుణించి, వెయ్యితో భాగిస్తే గంటకి కిలోమీటర్లు. ఈకేకి 195/55 ఆర్15 టైర్, చుట్టుకొలత సుమారు 1.87 మీటర్లు. ఆ లెక్కన 8200 దగ్గర రెండో గేర్ 99, మూడు 143, నాలుగు 189, ఐదు 246. ఇప్పుడు ఈ నంబర్లు పట్టుకుని సుకుబాకి వెళ్దాం. సుకుబా అంటే 2.045 కిలోమీటర్ల చిన్న సర్క్యూట్, రెండో హెయిర్‌పిన్ (యూ-టర్న్ లాంటి మలుపు) నించి బయటపడి వెనక స్ట్రెయిట్ మీద ఎంత గట్టిగా లాగితే ల్యాప్ టైమ్ అంత బాగుంటుంది. స్టాక్‌కి దగ్గరగా ఉన్న ఈకేకి అక్కడ ఐదో గేర్ వరకూ పోయే పనే ఉండదు, 246 వరకూ వెళ్లే గేర్ ఒకటి ఊరికే మోసుకు తిరుగుతున్నాం అన్నమాట. మరి దాన్ని కిందకి దించి పనిలో పెడితే? ఐదో గేర్‌ని 175కి కట్టేస్తే రేషియో 1.196 వస్తుంది. రెండోది అలాగే 2.105 ఉంచి మధ్యలో రెండూ సమానంగా పంచితే మూడోది 1.743, నాలుగోది 1.444. స్పీడ్‌లు 99, 120, 145, 175. ప్రతి షిఫ్ట్‌లోనూ సూది 6790 దగ్గరే ఆగుతుంది, రెండు నించి ఐదు దాకా వీటెక్ ఒక్కసారి కూడా ఆగదు. రెండో హెయిర్‌పిన్ నించి చివరి పొడవాటి కుడి మలుపు దాకా ఇంజిన్ అరుస్తూనే ఉంటుంది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి వినండి, పవర్ ఒక్క పీఎస్ కూడా పెంచకుండా కారు ఇంత మారుతుందా అని మీకే అనిపిస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. గేర్లు దగ్గర చేస్తే బాగుంది కదా అని ప్రతి కారుకీ ఇదే చెయ్యకండి, నాకు కొంతమంది సెట్టింగ్స్ చూస్తే బాధేసేది ఇందుకే. గేర్ దగ్గరైతే షిఫ్టులు పెరుగుతాయి, ప్రతి షిఫ్ట్‌కీ కొంచెం టైమ్ పోతుంది, పైన చెప్పిన మాన్యువల్, రేసింగ్ తేడా ఇక్కడ పట్టుకుంటుంది. రేసింగ్ గేర్‌బాక్స్ అయితే ఇంకో షిఫ్ట్ వచ్చినా పెద్ద నష్టం లేదు, మాన్యువల్‌తో ఆడుతుంటే మాత్రం మలుపు మధ్యలో షిఫ్ట్ పడేలా రేషియో పెట్టుకున్నారంటే కారు బ్యాలెన్స్ కూడా చెడుతుంది. వెనక చక్రాల కారు అయితే మరీ. అందుకని నేను లెక్కలో వచ్చిన రేషియోని అలాగే ఉంచను, ట్రాక్‌లో ముఖ్యమైన ఒకట్రెండు మలుపులు చూసుకుని, అక్కడ గేర్ మార్చే పని రాకుండా ఆ ఒక్క గేర్‌ని కొంచెం పొడవు చేస్తా. సమానంగా పంచడం కన్నా ఇది ఎక్కువ టైమ్ తెస్తుంది.

ఇంజిన్ స్వభావం కూడా చూడాలి. స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34 తీసుకోండి, ఆర్‌బీ26 ట్విన్ టర్బో, లెక్క ప్రకారం 280 పీఎస్ 6800 దగ్గర, టార్క్ గరిష్టం 392 న్యూటన్ మీటర్లు 4400 దగ్గరే. దాని ఆరు గేర్లు 3.827, 2.360, 1.685, 1.312, 1.000, 0.793. 7000 దగ్గర ఒకటి నించి రెండుకి మార్చితే 4317కి పడుతుంది, అంటే సరిగ్గా టార్క్ పీక్ పక్కన పడింది, రెండు నించి మూడుకి దాదాపు 5000, ఆ పైన షిఫ్టులన్నీ 5300 దాటే. ఎక్కడ పడినా బూస్ట్ సిద్ధంగా ఉంది. అలాంటి కారుకి రేషియోలు దగ్గర చేసి సాధించేది దాదాపు ఏమీ లేదు, ఫైనల్ ఒక్కటి ట్రాక్‌కి తగ్గట్టు కదిపితే చాలు. కానీ అదే ఆర్34కి షాప్‌లో హై ఆర్‌పీఎం టర్బో వేశారనుకోండి, కింద బూస్ట్ లేటవుతుంది, పవర్ అంతా పైకి పోతుంది, ఇప్పుడు ఆ 4317 పనికిరాదు. టర్బో మార్చిన ప్రతిసారీ గేర్లు మళ్లీ చూసుకోవాలి. పెద్ద టర్బో వేశాక కారు స్లో అయిపోయింది అని అనేవాళ్లలో చాలామందికి సమస్య టర్బో కాదు, పాత గేర్లే.

ఇప్పుడు టాప్ స్పీడ్ స్లైడర్ సంగతి. ఈ పార్ట్ మొత్తంలో నాకు నచ్చని ముక్క ఇదొక్కటే. దాన్ని కదిపితే కింద ఉన్న గేర్లన్నీ దాని సొంత లెక్క ప్రకారం మళ్లీ రాసేస్తుంది, మీరు కూర్చుని ఒక్కొక్కటీ పెట్టుకున్న నంబర్లు పోతాయి. పైగా ఆ లెక్కకి మీ ఇంజిన్ టార్క్ ఎక్కడుందో పట్టదు, వీటెక్ ఉన్న సివిక్ అయినా డీజిల్ లాగా కింద లాగే కారు అయినా ఒకే తరహాలో పంచుతుంది. ఒక్కో గేర్‌కి ఎంతవరకూ జరగొచ్చు అనే హద్దు కూడా ఉంటుంది, పక్క గేర్‌ని దాటి పోనివ్వదు. అందుకే వరస ముఖ్యం, ముందు స్లైడర్‌ని మీకు కావాల్సిన టాప్ స్పీడ్ దగ్గరకి తెచ్చి వదిలేయండి, తర్వాత పై గేర్ నించి కిందకి ఒక్కొక్కటీ పెట్టుకోండి, ఆఖరి చిన్న సర్దుబాట్లు ఫైనల్‌తో చేసుకోండి. ఫైనల్ మార్చాక స్లైడర్ మీద కనిపించే టాప్ స్పీడ్ నంబర్‌ని నమ్మొద్దు, ఫైనల్ మీరు వేరుగా కదిపారు కదా. స్లైడర్ మళ్లీ ముట్టుకోకండి. కొత్తవాళ్లకి స్లైడర్ సుఖం, నేను కాదనను, ఫైనల్ అంటే ఏంటో తెలియకుండానే లె మాన్స్‌కీ సుకుబాకీ తేడా చూపిస్తుంది, దానికి మార్కులు వేస్తా. కానీ అక్కడే ఆగిపోతే ఈ పార్ట్‌కి పెట్టిన క్రెడిట్లలో సగం వాడనట్టే.

టాప్ స్పీడ్ పిచ్చి గురించి కూడా మాట్లాడాలి. గేమ్‌లో స్పెషల్ స్టేజ్ రూట్ ఎక్స్ అని ఒక ఓవల్ ఉంది, ముప్పై కిలోమీటర్ల చుట్టు, పొడవాటి స్ట్రెయిట్లు, అక్కడ 400 దాటించాలని అందరికీ సరదా. సరదాకి తప్పు లేదు కానీ చాలామంది ఏం చేస్తారంటే గేర్లు ఎంత పొడవుంటే అంత స్పీడ్ వస్తుందని స్లైడర్‌ని చివరికి నెట్టేస్తారు. అలా రాదు. గాలి అడ్డుకునే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, దాన్ని దాటడానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపు కావాలంటే పవర్ ఎనిమిది రెట్లు కావాలి. ఇంజిన్ గరిష్ట పవర్ ఎక్కడ గాలితో సరిసమానం అవుతుందో అదే టాప్ స్పీడ్, గేర్ దాన్ని పెంచలేదు, ఆ స్పీడ్ దగ్గర సూది సరిగ్గా పవర్ పీక్ మీద ఉండేలా చూసుకోవడం ఒక్కటే గేర్ పని. గేర్ అంతకన్నా పొడవైతే సూది పీక్‌కి చేరకుండానే కారు ఆగిపోతుంది, టాప్ స్పీడ్ తగ్గుతుంది.

దీనికి మంచి ఉదాహరణ మాజ్దా రోడ్‌స్టర్ ఎస్, ఎన్‌డీ, 2015 మోడల్. 1.5 లీటర్ ఇంజిన్, 131 పీఎస్, 7000 దగ్గర. గేర్లు 5.087, 2.991, 2.035, 1.594, 1.286, 1.000, ఫైనల్ 2.866. ఆరో గేర్‌లో 7000 ఆర్‌పీఎం అంటే లెక్కలో 276 కిలోమీటర్లు. 131 పీఎస్‌తో ఈ కారు 276 పోదు, ఎక్కడా పోదు. అది హైవే మీద పెట్రోల్ మిగలడానికి పెట్టిన గేర్. ఐదో గేర్‌లో 7000 అంటే 215, కారు అసలు బలానికి దగ్గర్లో ఉన్న గేర్ అది. అందుకే గేమ్‌లో ఈ కారుని పొడవాటి స్ట్రెయిట్ మీద ఆరులోకి వేస్తే ముందుకి పోవడం మానేస్తుంది, ఐదులోనే ఉంచితే పక్కవాణ్ణి పట్టుకుంటుంది. కస్టమైజబుల్ గేర్‌బాక్స్ వేశాక ఆరో గేర్‌ని తెచ్చి 215 దగ్గర పెట్టి మిగతావి కిందకి సర్దితే అదే 131 పీఎస్‌కి ఒక గేర్ అదనంగా దొరికినట్టు. రోడ్‌స్టర్ లాంటి చిన్న కార్లకి ఈ పార్ట్ చేసే మేలు పెద్ద సూపర్‌కార్లకి చెయ్యదు. ఆరు వందల పీఎస్ కారుకి ఏ గేర్‌లో అయినా మిగులు ఉంటుంది, 131కి ఎక్కడా మిగులు ఉండదు, అందుకని తక్కువ పవర్ కార్లు ఇష్టపడే వాళ్లకి దీన్ని రెండు చేతులా రికమెండ్ చేస్తా.

గాలి లెక్క వల్లే ఇంకో మాట, పైకి వెళ్లేకొద్దీ గేర్లు ఇంకా దగ్గరవ్వాలి. కింద గేర్లలో పవర్ మిగులుతుంది కాబట్టి సూది కొంచెం ఎక్కువ పడినా కారు లాగేస్తుంది, పైన మిగులు లేదు కాబట్టి పడకూడదు. ఈకే స్టాక్ రేషియోల్లో కూడా ఇది కనిపిస్తుంది, హోండా వాళ్లు పై రెండు షిఫ్టులు దగ్గర పెట్టారు. లె మాన్స్ లాంటి చోట ఇది ఇంకా ముఖ్యం. 13.6 కిలోమీటర్ల ట్రాక్, గేమ్‌లో షికేన్లు (స్పీడ్ తగ్గించడానికి స్ట్రెయిట్ మధ్యలో పెట్టిన వంకరలు) ఉన్నదీ లేనిదీ రెండూ ఉన్నాయి. షికేన్లు 1990లో పెట్టారు, అంతకుముందు 1988లో డబ్ల్యూఎం పీ88 అనే కారు అక్కడే 405 కొట్టింది. షికేన్లు లేని లేఅవుట్‌లో పై గేర్‌ని ఒంటరిగా వెళ్తే వచ్చే టాప్ స్పీడ్‌కి కాకుండా ఇంకొంచెం పైకి పెట్టుకోవాలి, ఎందుకంటే ముందు కారు వెనక స్లిప్‌స్ట్రీమ్‌లో దూరితే మీకు గాలి తగ్గి వేగం పెరుగుతుంది, అప్పుడే సూది లిమిటర్‌కి (ఇంజిన్ ఆర్‌పీఎం హద్దుకి) కొట్టుకుంటే ఓవర్‌టేక్ చెయ్యాల్సిన చోట ముందువాడి బంపర్ చూస్తూ ఆగిపోతారు. ఒంటరిగా టైమ్ ట్రయల్ చేస్తుంటే ఆ మార్జిన్ అక్కర్లేదు. రేసుకి ఒక షీట్, టైమ్ ట్రయల్‌కి ఒక షీట్ పెట్టుకోండి, గేమ్‌లో కారుకి సెట్టింగ్ షీట్లు వేరువేరుగా దాచుకోవచ్చు, ఆ సౌకర్యం బాగుంది.

పెట్రోల్ సంగతి చిన్నగా చెప్పి వదిలేస్తా. ఫ్యూయెల్ వినియోగం ఉన్న రేసుల్లో, లె మాన్స్ 700 పీపీ (పర్ఫామెన్స్ పాయింట్స్, కారు సత్తాకి గేమ్ ఇచ్చే నంబర్) రేసు అలాంటిదే, ఆర్‌పీఎం ఎంత ఎక్కువుంటే ట్యాంక్ అంత త్వరగా ఖాళీ. ఫ్యూయెల్ మ్యాప్ 1 నించి 6 దాకా ఉంది, 6కి పెడితే పెట్రోల్ మిగులుతుంది కానీ పవర్ పోతుంది. పై గేర్లు ఒక అడుగు పొడవు చేస్తే మ్యాప్ అంత దించక్కర్లేకుండానే పిట్ స్టాప్ వెనక్కి జరపొచ్చు. అంటే సుకుబాకి చెప్పినదానికి పూర్తిగా రివర్స్, ఒకే కారు ఒకే పార్ట్, రేసుని బట్టి రెండు వైపులా పనికొస్తుంది.

పీపీ గురించి అడిగేవాళ్లుంటారు కాబట్టి, అవును, గేర్ రేషియో మార్చితే పీపీ నంబర్ కూడా మారుతుంది. ఈ గేమ్‌లో పీపీ అనేది కారుని సిమ్యులేట్ చేసి తీసే నంబర్ కాబట్టి గేర్లు కూడా అందులో లెక్కకొస్తాయి. 600 పీపీ రేసుకి సరిగ్గా కట్టుకున్న కారుని గేర్లు సర్దాక మళ్లీ చూసుకోండి, హద్దు దాటితే రేసులోకి రానివ్వదు. సెట్టింగ్స్ స్క్రీన్‌లో మెజర్ అనే బటన్ ఉంది, అది నొక్కితే యాక్సిలరేషన్ లెక్కలు వస్తాయి, గేర్ మార్చిన ప్రతిసారీ నొక్కి చూడటం అలవాటు చేసుకోండి. కాకపోతే స్టాండింగ్ స్టార్ట్ నంబర్ కోసం ఒకటో గేర్‌ని పొట్టి చేసుకుని సంబరపడిపోవద్దు, మీ రేసు రోలింగ్ స్టార్ట్ అయితే ఆ నంబర్‌తో పనేం లేదు.

ఆటోమేటిక్‌లో ఆడేవాళ్లకి ఇది పనికొస్తుందా అంటే పనికొస్తుంది, ఇంకా చెప్పాలంటే వాళ్లకే ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే ఎప్పుడు మార్చాలో వాళ్ల చేతిలో లేదు, గేర్లు దగ్గరగా ఉంటే కంప్యూటర్ ఎక్కడ మార్చినా సూది మరీ కిందకి పోదు. మాన్యువల్‌లో ఆడేవాళ్లకి స్క్రీన్ మీద మలుపుకి ఏ గేర్ వాడాలో సజెషన్ వస్తుంది, దాన్ని మాత్రం కళ్లు మూసుకుని ఫాలో అవ్వకండి, మీరు సమకూర్చుకున్న రేషియోలకి మీ చెవే గురువు.

మిగతా గేముల్లో ఎలా ఉందో కూడా చెప్పాలి. ఫోర్జా హొరైజన్ 5లో స్పోర్ట్ ట్రాన్స్‌మిషన్ కొంటే ఫైనల్ డ్రైవ్ ఒక్కటే కదులుతుంది, రేస్ ట్రాన్స్‌మిషన్ కొంటేనే ఒక్కో గేర్ చేతికొస్తుంది, గేర్ల సంఖ్య ఎంచుకునే వీలు కూడా ఉంది, ఆ విషయంలో ఫోర్జా ఒక మెట్టు పైనే. స్లైడర్ లేకపోవడం కూడా నాకు నచ్చింది, నంబర్లు పోతాయన్న భయం లేదు. కానీ అక్కడ ఓపెన్ వరల్డ్, ఒకే కారుతో ఒక రేసు ఊళ్లో ఇంకో రేసు హైవే మీద, ఒక్క ట్రాక్ కోసం గేర్లు చెక్కే అవసరం అంతగా రాదు. అసెట్టో కోర్సాలో కారుని బట్టి ఉంటుంది, చాలా రోడ్ కార్లకి గేర్లు ముట్టుకోనివ్వరు, నిజం కారులో లేనిది ఇవ్వం అన్న పద్ధతి, దాన్నీ గౌరవిస్తా. ఎఫ్1లో 2014 రూల్స్ నించి టీములు ఎనిమిది రేషియోలు సీజన్ మొత్తానికి ఫిక్స్ చేసుకోవాలి, మొనాకోకీ మోంజాకీ అవే గేర్లు, అందుకే ఇప్పటి ఎఫ్1 గేముల్లో ఈ సెట్టింగే లేదు, పాతవాటిలో ఉండేది. ట్రాక్‌కి తగ్గట్టు గేర్లు సర్దుకునే ఆ పని ఇష్టమైన వాళ్లకి ఇప్పుడు కన్సోల్‌లో గ్రాన్ టూరిస్మో 7 కన్నా మంచి చోటు నాకు కనిపించట్లేదు.

కొనాలనుకునేవాళ్లు ఒక్కటి చూసుకోండి, స్పోర్ట్ మోడ్‌లో డైలీ రేసులు చాలావరకు బీఓపీతో (బ్యాలెన్స్ ఆఫ్ పర్ఫామెన్స్, కార్లన్నిటినీ గేమే సమానం చేసే పద్ధతి) నడుస్తాయి, సెట్టింగ్స్ లాక్ అయి ఉంటాయి, గేర్ మీద చెయ్యి వెయ్యనివ్వరు. ఆ రేసులు తప్ప ఇంకేం ఆడని వాళ్లు ఈ క్రెడిట్లు దాచుకోవచ్చు. లాక్ లేని రేసులు, కస్టమ్ రేసులు, స్నేహితులతో లాబీలు, టైమ్ ట్రయల్స్ ఆడేవాళ్లు మాత్రం తర్వాతి కారుకి టర్బో బటన్ నొక్కే ముందు రేసింగ్ గేర్‌బాక్స్ వెయ్యండి, సుకుబాలో సివిక్‌తో మొదలుపెట్టండి, పైన ఇచ్చిన రేషియోలు వేసుకుని ఒకసారి, స్టాక్‌వి వేసుకుని ఒకసారి తిప్పి, రెండో హెయిర్‌పిన్ నించి స్ట్రెయిట్ చివరి దాకా స్పీడ్ ఎంత వచ్చిందో మీరే పోల్చి చూసుకోండి.